అప్‌డేట్ వద్దన్నారు.. పాత గేమ్‌నే వెనక్కి తెప్పించుకున్నారు! రూన్‌స్కేప్‌లో అసలేం జరిగింది?

ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లకు కొత్త అప్‌డేట్ అంటే పండగే. కొత్త మ్యాప్, కొత్త ఆయుధం, కొత్త ఈవెంట్ కోసం రోజులు లెక్కపెట్టుకుంటారు. కానీ ఒక్కోసారి ఆ అప్‌డేటే కొంప ముంచుతుంది. నిన్నటిదాకా బాగా ఆడిన గేమ్ పొద్దున లేచి చూస్తే వేరే గేమ్‌లా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోతుంది. అప్పుడు ప్లేయర్లు ఏం చేయగలరు? తిట్టుకుంటూ ఆడాలి, లేదంటే అకౌంట్ వదిలేసి వెళ్లిపోవాలి. సాధారణంగా జరిగేది ఇంతే.

బ్రిటన్‌కు చెందిన రూన్‌స్కేప్ గేమ్‌లో మాత్రం కథ వేరేలా నడిచింది. అక్కడ ప్లేయర్లు పోయిన పాత గేమ్‌ను వెనక్కి తెప్పించుకున్నారు. గేమ్‌లో పెద్ద మార్పు ఏది రావాలన్నా ముందు ఓటింగ్ జరిగే పద్ధతిని కూడా సాధించుకున్నారు. 2007లో మొదలైన ఆ గొడవ ఇప్పటికీ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. అదేంటో మొదటి నుంచి చూద్దాం.

రూన్‌స్కేప్ అంటే ఏంటి?

ఇది వేలమంది ఒకేసారి ఒకే లోకంలో తిరుగుతూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్. ఆండ్రూ గోవర్ తన సోదరుడు పాల్‌తో కలిసి తయారుచేశాడు. 2001 జనవరి 4న విడుదలైంది. కేంబ్రిడ్జ్‌లోని జాజెక్స్ కంపెనీ దీన్ని నడుపుతోంది. అప్పట్లో ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు, డౌన్‌లోడ్ అక్కర్లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఆడేయొచ్చు. ఉచితంగా కొంత ఆడొచ్చు, మెంబర్‌షిప్ కడితే మొత్తం గేమ్ తెరుచుకుంటుంది. స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌ల నుంచి ఇంటర్నెట్ కేఫ్‌ల దాకా పాకిపోయింది. 2012 నాటికి 20 కోట్లకు పైగా అకౌంట్లు తెరుచుకున్నాయి.

ఈ గేమ్‌లో ఒక మ్యాచ్ గెలిచి బయటకు రావడం ఉండదు. చేపలు పట్టాలి, చెట్లు కొట్టాలి, గనులు తవ్వాలి, రాక్షసులతో పోరాడాలి. ప్రతి పనికీ లెవెల్ ఉంటుంది. ఒక స్కిల్‌లో 99వ లెవెల్ చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కావాలి. 92వ లెవెల్ దాటితే దాదాపు అయిపోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి అప్పటికి పూర్తయ్యేది సగమే. మిగతా ఏడు లెవెల్స్‌కి మళ్లీ అంత కష్టమూ పడాలి. ఒక్కో స్కిల్‌కు వందల గంటలు పడుతుంది. అందుకే ఈ గేమ్‌లో ఒక అప్‌డేట్‌పై అంత కోపం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవాలంటే ముందు ఈ లెక్క తెలియాలి.

2007: ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు

గేమ్‌లో కాయిన్లు సంపాదించడం కష్టం. ఆ కష్టం పడలేనివాళ్లు బయట నిజమైన డబ్బిచ్చి గేమ్ కాయిన్లు కొనడం మొదలుపెట్టారు. దీంతో గోల్డ్ అమ్మే ముఠాలు పుట్టుకొచ్చాయి. రోబోల్లా నడిచే అకౌంట్లతో రాత్రింబవళ్లు కాయిన్లు పోగేసేవి. దొంగిలించిన క్రెడిట్ కార్డులతో మెంబర్‌షిప్ కట్టేవి. అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగేసుకునేది. ఆ నష్టం కంపెనీ నెత్తిన పడేది. ఇలాగే సాగితే గేమ్‌కే ముప్పు అని జాజెక్స్ వాదించింది.

దానికి కంపెనీ ఎంచుకున్న మందు మాత్రం చాలా ఘాటైంది. 2007 డిసెంబర్ 10న వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ప్లేయర్లు ఒకరితో ఒకరు తలపడే అవకాశం తీసేసింది. ఓడినవాడి సామాన్లు గెలిచినవాడికి దక్కేది అక్కడే. కావాలని ఓడిపోయి గోల్డ్ చేతులు మార్చడానికి ముఠాలు దాన్ని వాడుకుంటున్నాయన్నది కంపెనీ లెక్క. మనుషుల బదులు ఆ ప్రాంతంలో దెయ్యాల్ని తిప్పింది. 2008 జనవరి మొదట్లో ఇచ్చిపుచ్చుకోవడాల మీద కూడా పరిమితి పెట్టింది. ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ విలువలో పెద్ద తేడా ఉండకూడదు. అంటే కొత్తగా చేరిన తమ్ముడికి అన్న ఒక మంచి కత్తి ఊరికే ఇవ్వడానికి కూడా వీల్లేకుండా పోయింది.

గోల్డ్ ముఠాల పని కొంత పట్టింది, నిజమే. కానీ ముఠాలతో సంబంధం లేని మామూలు ప్లేయర్లే ఎక్కువ నష్టపోయారు. యుద్ధం కోసమే ఆ గేమ్ ఆడేవాళ్లకు ఆడటానికి చోటే లేకుండా పోయింది. గేమ్‌లోని నగరాల్లో ప్లేయర్లు గుంపులుగా చేరి నినాదాలు టైప్ చేస్తూ నిరసన తెలిపారు. చాలామంది మెంబర్‌షిప్ రద్దు చేసుకున్నారు.

2011: మూడేళ్ల తర్వాత ‘మీరే చెప్పండి’

మూడేళ్లు గడిచినా ఆ అసంతృప్తి చల్లారలేదు. చివరకు కంపెనీయే దిగొచ్చింది. వైల్డర్‌నెస్, ఫ్రీ ట్రేడ్ రెండూ తిరిగి కావాలా వద్దా అని 2010 డిసెంబర్ చివర్లో ప్లేయర్లనే అడిగింది. 2011 జనవరి మధ్య దాకా ఓటింగ్ నడిచింది. 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అందులో 91 శాతం ‘కావాలి’ అనే. 2011 ఫిబ్రవరి 1న రెండూ తిరిగొచ్చాయి. ప్లేయర్లు గెలిచామని సంబరపడ్డారు. అయితే ఆ సంబరం రెండేళ్లు కూడా నిలవలేదు.

2012: ఒకే ఏడాది రెండు దెబ్బలు

మొదటి దెబ్బ ‘స్క్వీల్ ఆఫ్ ఫార్చూన్’. 2012 ఫిబ్రవరిలో వచ్చిన అదృష్ట చక్రం ఇది. రోజూ ఉచితంగా తిప్పుకోవచ్చు, బహుమతులు వస్తాయి. కొద్ది వారాలకే అదనపు స్పిన్లను నిజమైన డబ్బుకు అమ్మడం మొదలైంది. బహుమతుల్లో ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కూడా ఉన్నాయి. డబ్బిచ్చి గోల్డ్ కొన్నందుకు అకౌంట్లు బ్యాన్ చేసిన కంపెనీయే ఇప్పుడు డబ్బుకు లెవెల్స్ అమ్ముతోందని ప్లేయర్లు మండిపడ్డారు. వందల గంటలు కూర్చుని 99 కొట్టినవాడికీ, కార్డు గీకి తొందరగా ఎక్కినవాడికీ తేడా ఏముందన్నది వాళ్ల ప్రశ్న.

రెండో దెబ్బ నవంబర్ 20న పడింది. దాని పేరు ‘ఎవల్యూషన్ ఆఫ్ కంబాట్’. అప్పటిదాకా గేమ్‌లో యుద్ధం చాలా సింపుల్. శత్రువు మీద క్లిక్ చేస్తే పాత్ర తనంతట తానే కొడుతూ ఉంటుంది. ఏ ఆయుధం ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు తినాలి అన్నదే నేర్పు. కొత్త పద్ధతిలో యాక్షన్ బార్, రకరకాల ఎబిలిటీలు, వాటిని వరుసగా నొక్కే లెక్కలు వచ్చాయి. మిగతా కొత్త గేమ్‌లతో పోటీ పడాలంటే ఇది తప్పదని కంపెనీ భావించింది. పాత ప్లేయర్లకు మాత్రం పదేళ్లుగా చేతికి అలవాటైన ఆట ఒక్కరోజులో మాయమైంది. లెవెల్స్ అలాగే ఉన్నాయి. వాటితో పాటు నేర్చుకున్న విద్యే ఎందుకూ పనికిరాలేదు.

వద్దనుకున్నవాళ్లకు పాత పద్ధతిలో ఆడే దారి కూడా అప్పట్లో ఉంచలేదు. ‘లెగసీ మోడ్’ పేరుతో అలాంటి ఆప్షన్ వచ్చేసరికి 2014 జులై అయింది. అప్పటికే చేతులు కాలాయి.

2013: బ్యాకప్‌లో దొరికిన పాత లోకం

మెంబర్లు తగ్గిపోతున్న సమయంలో కంపెనీ ఒక ప్రకటన చేసింది. 2007 ఆగస్టు నాటి గేమ్ బ్యాకప్ పూర్తిగా తమ దగ్గర ఉందని చెప్పింది. వైల్డర్‌నెస్ తీసేయడానికి కొద్ది నెలల ముందు నాటి గేమ్ అది. దాన్ని మళ్లీ నడపాలా అని 2013 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టింది. ఎన్ని ఓట్లు పడితే అంత పెద్ద టీమ్‌ను కేటాయిస్తామని చెప్పింది. దాదాపు 4.5 లక్షల ఓట్లు వచ్చాయి. ఓటింగ్ ఇంకా నడుస్తుండగానే ఫిబ్రవరి 22న ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ సర్వర్లు తెరుచుకున్నాయి.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త గేమ్‌లో సంపాదించిన లెవెల్స్, ఆస్తులు ఏవీ ఇక్కడికి రావు. అందరూ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. ‘కష్టం పోయింది’ అని గొడవ చేసినవాళ్లే ఆ కష్టమంతా మళ్లీ పడటానికి సిద్ధపడ్డారు. వాళ్ల బాధ పాయింట్లు పోయాయని మాత్రమే కాదని, ఆ పాయింట్లకు అర్థం చెప్పే ఆట పోయిందని అప్పుడు కంపెనీకి కూడా తెలిసొచ్చింది.

కొత్త రూపంలోని గేమ్‌ను 2013 జులైలో ‘రూన్‌స్కేప్ 3’గా మార్చారు. ఇప్పుడు రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పాత బ్యాకప్ నుంచి మొదలైన ఓల్డ్ స్కూల్‌నే ఇవాళ ఎక్కువ మంది ఆడుతున్నారు. 2018 అక్టోబర్ 30న ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలోకి కూడా వచ్చింది. కంప్యూటర్‌లో ఆడే అదే అకౌంట్‌తో ఫోన్‌లోనూ ఆడుకోవచ్చు.

ఓటుతో నడిచే గేమ్.. ఎలా?

ఓల్డ్ స్కూల్‌లో మొదటి నుంచీ ఒక నియమం ఉంది. కొత్త కంటెంట్ ఏది తేవాలన్నా ముందు పోల్ పెట్టాలి. మెంబర్‌షిప్ ఉన్న ప్లేయర్లు ఓటేస్తారు. 2022 దాకా 75 శాతం ‘అవును’ అంటేనే అది గేమ్‌లోకి వచ్చేది. సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా సరిపోయేది కాదు. ప్రతి నలుగురిలో ముగ్గురు ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఉదాహరణకు గ్రాండ్ ఎక్స్ఛేంజ్ సంగతే చూద్దాం. ఇది గేమ్‌లోని సంత లాంటిది. 2007 నవంబర్‌లో వచ్చింది కాబట్టి ఆగస్టు బ్యాకప్‌లో లేదు. మనుషులు ఎదురుపడి బేరమాడుకునే మజా పోతుందని కొందరు దాన్ని వ్యతిరేకించారు. 2015లో ప్లేయర్ల ఓటు దాటాకే దాన్ని తెచ్చారు.

కొత్త స్కిల్ తేవడం ఇంకా కష్టమైంది. 2014లో ‘ఆర్టిజన్’ ఓడిపోయింది. 2015లో ‘సెయిలింగ్’ ఓడిపోయింది. 2019లో ‘వార్డింగ్’కు మూడింట రెండు వంతుల మద్దతు వచ్చినా 75 శాతం దాటలేదు, దాన్నీ పక్కన పెట్టేశారు. కంపెనీ అంతకుముందే దాని మీద చాలా పని చేసింది. అయినా ఓటు ఓటే. చివరకు 2023లో కొత్త స్కిల్ కావాలా అన్న దగ్గర్నుంచి అడుగడుగునా ఓటు అడిగి, మళ్లీ సెయిలింగ్‌నే ఎంచుకున్నారు. 2025 నవంబర్ 19న అది విడుదలైంది. సరదా విషయం ఏంటంటే, సెయిలింగ్ మొదట 2014 ఏప్రిల్ 1న ఫూల్స్ డే జోక్‌గా వచ్చిన ఆలోచన!

గోల్డ్ అమ్మకాల సమస్యకు కూడా తర్వాత వేరే దారి వెతికారు. 2013లో రూన్‌స్కేప్ 3లో, 2015లో ఓల్డ్ స్కూల్‌లో ‘బాండ్’ వచ్చింది. దీన్ని డబ్బుతో కంపెనీ దగ్గర కొని, గేమ్‌లో కాయిన్లకు అమ్ముకోవచ్చు. కొన్న ప్లేయర్ దాన్ని మెంబర్‌షిప్‌గా మార్చుకుంటాడు. దీనిమీద కూడా విమర్శలున్నాయి, గోల్డ్ అమ్మకాలు పూర్తిగా ఆగనూ లేదు. కాకపోతే ముఠాల కోసం అందరి వ్యాపారాన్నీ మూసేయాల్సిన పని ఈసారి పడలేదు.

ఓటింగ్‌తో అన్నీ తీరిపోయాయా?

లేదు. ఓటుకు కూడా తిప్పలున్నాయి.

మొదటిది, తక్కువ మంది ఆడే వాటికి న్యాయం జరగదు. ప్లేయర్లతో ప్లేయర్లు తలపడే పీవీపీ విభాగాన్ని ఆడేవాళ్లు కొద్దిమందే. దాని గురించిన పోల్స్‌లో ఆ విభాగం జోలికే వెళ్లనివాళ్లు ‘వద్దు’ అని ఓటేస్తే అంతే సంగతులు. పాస్ మార్కును కంపెనీ 2022లో 75 నుంచి 70 శాతానికి తగ్గించింది. పీవీపీ మార్పులన్నీ ఇక ఓటుకు పెట్టబోమని కూడా చెప్పింది.

రెండోది, అన్నీ ఓటుకు పెట్టలేరు. బగ్‌లు సరిచేయడం, మోసాలు ఆపడం, మరీ బలంగా ఉన్న ఆయుధాన్ని తగ్గించడం లాంటివి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. తన చేతిలో ఉన్న కత్తి పదును తగ్గించమని ఎవరు ఓటేస్తారు?

మూడోది, గేమ్‌లో ఓటు ఉన్నా ధరల మీద ఓటు ఉండదు. మెంబర్‌షిప్ ఎంత పెంచాలన్నది కంపెనీ ఇష్టం. కంపెనీ కూడా చేతులు మారుతూ వచ్చింది. 2021లో కార్లైల్, 2024లో సీవీసీ లాంటి పెట్టుబడి సంస్థలు కొన్నాయి. కొత్త యజమాని వచ్చిన ప్రతిసారీ ఇక డబ్బు పిండుతారేమో అన్న భయం ప్లేయర్లలో మొదలవుతుంది.

అడగకుండా చేసిన ప్రతిసారీ..

2021 సెప్టెంబర్‌లో ఓ అభిమాని చాలాకాలం కష్టపడి గేమ్‌ గ్రాఫిక్స్‌ను మెరుగుపరిచే ‘117హెచ్‌డీ’ ప్లగిన్ తయారుచేశాడు. విడుదలకు సిద్ధమైన సమయంలో కంపెనీ ఆపమంది. తామూ అలాంటిదే చేస్తున్నామని కారణం చెప్పింది. ప్లేయర్లు భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి ప్లగిన్‌కు ఓకే చెప్పింది.

2023 సెప్టెంబర్‌లో రూన్‌స్కేప్ 3లో ‘హీరో పాస్’ వచ్చింది. రోజువారీ పనుల స్థానంలో పెట్టిన ఈ పాస్ డబ్బు గుంజడానికేనని విమర్శలు వెల్లువెత్తాయి. కంపెనీ క్షమాపణ చెప్పి, తర్వాత ఆ పాస్‌నే ఎత్తేసింది.

2025 జనవరిలో కొత్త మెంబర్‌షిప్ ప్లాన్ల గురించి ఒక సర్వే పంపింది. అందులో తక్కువ ధర ప్లాన్‌లో ప్రకటనలు చూపించే ఆలోచన కూడా ఉంది. అది సర్వే మాత్రమే, ఇంకా ఏదీ అమల్లోకి రాలేదు. అయినా మెంబర్‌షిప్ రద్దు చేసుకుంటామంటూ ప్లేయర్లు తిరగబడ్డారు. కంపెనీ మళ్లీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏడాది చివర్లో మాత్రం కంపెనీయే ముందుగా అడిగింది. 2012లో మొదలైన అదృష్ట చక్రం, 2014లో ‘ట్రెజర్ హంటర్’గా రూపం మార్చుకుని రూన్‌స్కేప్ 3లో కొనసాగుతూ వచ్చింది. దాన్ని తీసేయాలా అని 2025 నవంబర్‌లో ఓటు పెట్టింది. లక్ష ఓట్లు వస్తే తీసేస్తామంది. లక్ష ఓట్లు దాటాయి. 2026 జనవరిలో ట్రెజర్ హంటర్ తెరపడింది.

మిగతా గేమ్‌లలో ఏం జరిగింది?

స్టార్ వార్స్ గెలాక్సీస్: 2005 నవంబర్‌లో ‘న్యూ గేమ్ ఎన్‌హాన్స్‌మెంట్స్’ పేరుతో గేమ్ మొత్తం మార్చేశారు. ఎంతో కష్టపడితే గానీ దక్కని జెడై పాత్రను మొదట్లోనే ఎవరైనా ఎంచుకునేలా చేశారు. పాతవాళ్లు వెళ్లిపోయారు. 2011 డిసెంబర్‌లో గేమ్ మూతపడింది.

స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2: 2017 నవంబర్‌లో డార్త్ వేడర్ లాంటి పాత్రలు దక్కాలంటే గంటల తరబడి ఆడాల్సిన పరిస్థితి, మరోవైపు డబ్బుకు లూట్ బాక్సులు. వ్యతిరేకత ఎంతగా వచ్చిందంటే, పూర్తి విడుదలకు ముందు రోజే ఈఏ కంపెనీ గేమ్‌లోని కొనుగోళ్లను ఆపేసింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్: పాత గేమ్ కావాలని ప్లేయర్లు ఏళ్ల తరబడి అడిగారు. 2019 ఆగస్టులో బ్లిజార్డ్ ‘క్లాసిక్’ పేరుతో దాన్ని తెచ్చింది.

హెల్‌డైవర్స్ 2: కంప్యూటర్‌లో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంట్ తప్పనిసరిగా కలపాలని 2024 మేలో సోనీ చెప్పింది. ఆ సర్వీసే లేని దేశాల ప్లేయర్ల సంగతేంటన్న ప్రశ్న వచ్చింది. కొద్ది రోజుల్లోనే సోనీ ఆ నిర్ణయాన్ని విరమించుకుంది.

ప్లేయర్ల భయం దేని గురించి?

ఈ గొడవలన్నింటిలో తిరిగి తిరిగి వచ్చే భయాలు నాలుగు. పడ్డ కష్టానికి విలువ పోతుందా? డబ్బున్నవాడే గెలుస్తాడా? నేర్చుకున్న ఆట పనికిరాకుండా పోతుందా? నచ్చకపోతే పాత పద్ధతికి వెళ్లే దారి ఉంటుందా?

చట్టపరంగా చూస్తే చాలా గేమ్‌లలో అకౌంట్, అందులోని వస్తువులు కంపెనీవే. ప్లేయర్‌కు ఉండేది వాడుకునే అనుమతి మాత్రమే. మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే నిబంధనల్లో ఇది రాసి ఉంటుంది. మన దగ్గర కూడా 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌పై నిషేధం పడినప్పుడు, 2022 జులైలో బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయమైనప్పుడు లక్షలమందికి ఇది అనుభవమైంది. యూసీ పెట్టి కొన్న స్కిన్లు ఏమవుతాయన్నదే అప్పుడు అందరి దిగులు. అక్కడ గేమ్ ఆగింది ప్రభుత్వ నిర్ణయంతో, అప్‌డేట్‌తో కాదు. కానీ డబ్బు పెట్టినవాడి చేతిలో ఏమీ లేదన్న సంగతి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

రూన్‌స్కేప్ ప్లేయర్లకు కూడా చట్టం ఇచ్చిన హక్కేమీ లేదు. వాళ్ల చేతిలో ఉన్నది నెలనెలా కట్టే మెంబర్‌షిప్ ఒక్కటే. దాన్ని ఆపేస్తే కంపెనీ వింటుందని 2007 తర్వాత రెండు పక్షాలకూ తెలిసింది. 2007లో అడగకుండా చేసిన మార్పును సరిదిద్దడానికి కంపెనీకి మూడేళ్లు పట్టింది. 2012లో అడగకుండా చేసిన మార్పుకు ఏకంగా రెండో గేమే నడపాల్సి వచ్చింది. సెయిలింగ్‌ను అడిగి చేశారు. రావడానికి ఏళ్లు పట్టింది కానీ, వచ్చాక పాత గేమ్ కావాలని ఎవరూ మళ్లీ బ్యాకప్ వెతకమనలేదు.